కొర్రల కోసం పిలిచిన లారీలు

సైకిల్ తొక్కడానికి లారీలు లేని దారి ఏదైనా ఉంటే చెప్పమని ఈ మధ్య ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతోంది. అడిగేవాళ్ల తప్పేమీ లేదు. దినపత్రికల్లో చాలాకాలం పనిచేసి బయటికొచ్చాననీ, నంద్యాల చుట్టుపక్కల సైకిల్ వేసుకుని తిరుగుతుంటాననీ తెలిసి అడుగుతారు. మొన్న హైదరాబాదు నుంచి పాత సహోద్యోగి ఒకతను ఫోన్ చేశాడు. ఆదివారం సంచికకు సముద్రతీరాల్లో, పల్లెల్లో ట్రాఫిక్ లేని సైకిల్ దారుల గురించి ఏదో వేస్తున్నారట. “బీచ్ రోడ్లు బోలెడు వచ్చాయి. మీ సీమవైపుది ఒకటుంటే బాగుంటుంది” అన్నాడు. మాకు సముద్రం లేదన్నాను. పల్లెలున్నాయి కదా అన్నాడు. ఉన్నాయి. దారి కూడా ఉండేది. అది ఏమైందో చెప్పబోతే, “అదంతా ఎందుకులే, ఫొటోకు బాగుండేది చెప్పు చాలు” అన్నాడు. ఇంకేం మాట్లాడతాను? ఫోన్ పెట్టేశాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోవాలంటే అందరూ హైవే ఎక్కుతారు. బస్సులో కూర్చుని ఒక కునుకు తీసేలోగా ఊరొస్తుంది. సైకిల్ మీద ఆ రోడ్డెక్కినవాడికి ప్రాణం అరచేతిలో ఉంటుంది. సిమెంటు లారీ పక్కనుంచి పోతే ఆ గాలికి హ్యాండిల్ దానంతటదే లోపలికి లాగుతుంది. బండల లారీ పోతే కంట్లో సుద్ద పడుతుంది. అందుకని నేను ఊళ్ల మీదుగా ఒక దారి పట్టుకున్నాను. నంద్యాల దాటాక వరిమళ్ల మధ్య డొంకలు, ఆ తర్వాత శనగచేలు, ఆ తర్వాత కాలువ గట్టు. వానాకాలం డొంకలో పోతే నల్లరేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇటుకలాగా బిగుసుకుంటుంది. దిగి, కంపపుల్ల విరిచి, పొడిచి పొడిచి తియ్యాలి. పొద్దు సగం దానికే పోయేది. అయినా ఆ తిప్పలన్నీ గట్టు ఎక్కేదాకానే.

గట్టు మీద ఏమీ ఉండేది కాదు. అదే దాని గొప్పతనం. ఒకపక్క కాలువ, ఇంకోపక్క పొలాలు, తూర్పున నల్లమల. నీళ్లు వదిలిన నెలల్లో నీటి చల్లదనం మోకాళ్లకు తగిలేది. తూముల దగ్గర గేదెలు మెడదాకా మునిగి, సైకిల్ గంట కొడితే ఒక్క చెవి మాత్రం తిప్పేవి. లకుముకి పిట్ట ఒకటి స్తంభం నుంచి స్తంభానికి నా ముందే ఎగురుతూ, నేను దాన్ని తరుముతున్నట్టు లెక్కేసుకుని తిట్టేది. హారన్ అనే మోత ఆ గట్టుకు తెలియదు. గట్టు మొత్తం మీద నాకు ఎదురయ్యే జనం పాలవాళ్లు, మోటార్లు వేసేందుకు పోయే రైతులు, మా చెల్లెలు.

చెల్లెలిది ఆళ్లగడ్డ. గట్టు పొడవునా పోతే వచ్చే ఒక పల్లెలో బడిపంతులమ్మ. మొదట్లో స్కూటీ మీద హైవేలో పోయి, అక్కడి నుంచి ఊళ్లోకి తిరిగేది. ఒకరోజు వెనక నుంచి వచ్చిన లారీ పట్టా తాడు తెగి, ఆ పట్టా కొస వచ్చి ఆమె మొహానికి కొట్టింది. స్కూటీ డివైడర్‌కు గుద్దుకుంది. ఎముకలేవీ విరగలేదు. కానీ అప్పటి నుంచి లారీ హారన్ వినబడితే ఆమె చేతులు వణుకుతాయి. స్కూటీ అమ్మేసింది. ఆటోలో కొన్నాళ్లు పోయింది. ఆటో హైవే ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేదట. ఉద్యోగం మానేస్తానని ఇంట్లో అంది. అప్పుడే ఆ గట్టుకు తారు వేశారు. నేను వెళ్లి ఆమెను సైకిల్ మీద గట్టెక్కించాను. మొదటిరోజు పక్కనే తొక్కాను. రెండోరోజు, “నువ్వు పోన్నా, నీ రొప్పుడికి కొంగలు లేస్తాండాయి” అని తరిమేసింది. ఆమె ఉద్యోగం నిలబడింది. ఆ తారుదారి ఆమెకు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇది చాలు.

ఇక మా పెదనాన్న కొడుకు సంగతి. నాకంటే పెద్దవాడు, అన్న. గట్టు కింద ఉన్న ఊళ్లో సేద్యం చేస్తాడు. తరాల నుంచి భూమి ఉన్న ఇల్లు, పొలమంటే ప్రాణం, మాట కరుకు. మాలాంటి ఇళ్లలో పిల్లలకు బుద్ధి తెలిసీ తెలియకముందే నేర్పే సంగతి ఒకటుంది. గింజను చెప్పుకాలితో తొక్కకూడదు. కల్లంలోకి పోయేటప్పుడు చెప్పులు బయట విడవాలి. మరిచిపోయి తొక్కితే వంగి, గింజను కళ్లకద్దుకోవాలి. చెల్లెలు ఈ రోజుకీ అంతే. బియ్యం చాట దాటాల్సి వచ్చినా చుట్టు తిరిగి పోతుంది.

గట్టు మట్టిగా ఉన్నన్నాళ్లు దాని మీద ఎవరూ ఏమీ ఆరబోయలేదు. మట్టి కలుస్తుంది గనక. తారు పడిందంటే మావాళ్ల కంటికి అది కల్లంలాగే కనిపిస్తుంది. మొదటి పంటకే ఒకరు మొక్కజొన్న పోశారు. తర్వాత ఇంకొకరు. గింజ కొట్టుకుపోకుండా అంచున బండరాళ్లు పెట్టారు. అందాకా సర్దుకోవచ్చు. చెల్లెలు అలాంటిచోట దిగి, చెప్పులు విప్పి సైకిల్ బుట్టలో వేసుకుని, అంచున మిగిలిన జానెడు మట్టి మీద సైకిల్ నడిపించుకుంటూ దాటేది. “ఆరతాండేది అన్నమే కదన్నా” అనేది.

అన్న ఆ ఏడు కొర్ర వేశాడు. కోసిన కంకులు తెచ్చి తారు మీద పరిచాడు. కొర్రకంకులు పరిచేది ఆరడానికి మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా వైపు కొర్ర, జొన్న, ఉలవ రోడ్డు మీద పరిస్తే బండ్లు తొక్కుతూ పోతాయి, గింజ రాలుతుంది. నూర్పిడి అయిపోతుంది. హైవే పక్క ఊళ్లవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని. కానీ గట్టు మీద తొక్కడానికి బండ్లేవి? పాలవాడి సైకిల్‌కు కొర్రగింజ రాలుతుందా? పొద్దంతా చూసి, మబ్బు కమ్మి మోడం పట్టేసరికి అన్నకు కాలు నిలవలేదు. మోటారుసైకిల్ వేసుకుని హైవే మలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. కొండ దగ్గర నుంచి గ్రావెల్ తోలే టిప్పర్లకు చెయ్యెత్తాడు. గట్టు మీద పోతే అడ్డదారి అనీ, అడిగేవాడుండడనీ చెప్పి, ముందు తను బండి నడుపుతూ దారి చూపించి తీసుకొచ్చాడు.

లారీలు లేవు కాబట్టే మా చెల్లెలు బతికి బడికి పోతున్న దారిలోకి, లారీలు లేవు కాబట్టే లారీలను పిలుచుకొచ్చాడు.

ఆ సాయంత్రం చెల్లెలు బడి నుంచి వస్తోంది. కొర్రలు కనిపించాయి. అలవాటు ప్రకారం దిగి, చెప్పులు విప్పి, కంకులకూ కాలువకూ మధ్య అంచున నడుస్తోంది. వెనక నుంచి టిప్పర్ హారన్. ఆ గట్టు మీద ఆ మోత ఆమె ఎన్నడూ వినలేదు. ఇంకెవరైనా అయితే కంకుల మీదికి ఒక్క గంతు వేసేవాళ్లు. టిప్పర్ ఇంకా దూరంలోనే ఉంది, కంకులు దాటి పొలం వైపు పోతే కావలసినంత జాగా ఉంది. ఆమె గింజ మీదికి పోలేదు. కాలువ వైపు దిగింది. గట్టు వాలులో కాలు జారి, సైకిల్ నీళ్లలో పడింది, ఆమె జమ్ము పట్టుకుని ఆగింది. అన్న పరుగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూ టిప్పర్ డ్రైవర్‌కు ‘పోనీ, పోనీ’ అని చెయ్యి ఊపాడు. ఆ తర్వాతే వంగి చెల్లెలికి చెయ్యి అందించాడు. చెల్లెలు నాకు ఇదంతా నవ్వుతూ చెప్పింది. ఆ చెయ్యి ఊపడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వలేదు.

మర్నాడే నేను అన్న దగ్గరికి పోయాను. కొర్రలను పారతో ఎగదోస్తున్నాడు.

“ఏందన్నా ఈ పని?” అన్నాను.

“ఏముందప్పా, కొర్రలు. యాడా చూడల్యా నువ్వు?”

“కొర్రలు చూసినా. లారీలు యాడ నుంచి వచ్చె?”

“నేనే రమ్మంటి” అన్నాడు, గొప్పగా. “నూర్పిడి మిషనోడు రేపు మాపు అంటాండాడు. మోడం చూస్తివా ఎట్ల పట్టిందో? కంకులు తడిస్తే మీ పేపరోళ్లు వచ్చి ఆరబెడతారా?”

“పాప కాలవలో పడె కదన్నా!” చెల్లెల్ని ఇంట్లో మేమంతా పాప అనే పిలుస్తాం.

“పడల్యా. జారింది. నేనే కదా పైకి తీస్తి. అయినా ఆయమ్మి కంకుల మీదికి వస్తే నేనేమన్న అంటానా?”

“అనవు. ఆమె రాదు. మనింట్లో పుట్టల్యా?”

అతను మళ్లీ పార ఎత్తాడు. “కల్లం ఏమాయ?” అని అడిగాను.

“కల్లం యాడుందప్పా! ప్లాట్లు పడె. అందరూ అమ్మిరి, నేనూ అమ్మితి. నేనొక్కణ్ణే పెట్టుకోనుండేకి పిచ్చోణ్ణా?”

ఊరి పక్కన కల్లాలున్న చోటికి పోయి చూశాను. తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. ఒక్క ఇల్లు లేవలేదు. అంత జాగా ఊరికే పడుంది. గింజ ఆరబోసుకునే నేలను అమ్మేసి, మనుషులు నడిచే దారిని కల్లం చేసుకున్నారు. మోడానికి భయపడ్డ రైతు మీద నాకు కోపం లేదు, ఆ భయం నేను ఎరిగిందే. నా కోపమంతా ఆ గడ్డి మీద.

అన్న కొర్రలు ఎత్తుకున్నాడు. బాగా వచ్చాయి. మా ఇంటికి ఒక సంచి పంపించాడు కూడా. మా ఆవిడ కొర్రన్నం వండితే నేను తినలేదు. “కొర్రలేం చేసినాయి నిన్ను?” అంది.

కొర్రలు పోయినా టిప్పర్లు పోలేదు. పోతాయని ఎవరనుకున్నారో నాకు తెలియదు. ఒకసారి అడ్డదారి రుచి చూసినవాడు చుట్టు తిరిగి ఎందుకు పోతాడు? చూపించినవాడు చూపించి ఇంటికి పోయాడు. పొద్దున పూట నాలుగైదు, సాయంత్రం నాలుగైదు, మధ్యలో లెక్కలేనన్ని. తారు మొదట పగిలింది, తర్వాత లేచింది, తర్వాత కొన్నిచోట్ల పొడిపొడిగా పక్కకు పోయి కింది కంకర తేలింది. పాలవాళ్లు వేరే దారి పట్టారు. దుమ్ముకు గట్టు పక్క కందిచెట్ల ఆకులు తెల్లగా మారాయి. చెల్లెలు ఇంట్లో ఏమీ చెప్పలేదు. సైకిల్ మీద పోవడం మానలేదు. కానీ ఒకరోజు బడికి సగం దారిలో టిప్పర్ ఎదురైతే తూము గోడ ఎక్కి కూర్చుని, చేతుల వణుకు తగ్గేదాకా దిగలేకపోయిందట. ప్రార్థన అయిపోయాక బడికి చేరింది. పెద్దసారు ఏమన్నాడో నాకు చెప్పలేదు. ఆటో మాట్లాడుకోమని మా బావ అన్నాడు. “ఆటో ఎక్కితే హైవేనే కదా. ఇంక బడి ఇడ్సిపెట్టేది మేలు” అందట. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

గట్టు సంగతి చూసే ఆఫీసుకు పోయాను. ఇన్నేళ్లు పత్రికల్లో చేసినందుకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. అధికారి నెమ్మదస్తుడు. అంతా విన్నాడు.

“గట్టు మీద అసలు ఏ వాహనమూ పోకూడదు సార్” అన్నాడు. “మా జీపు తప్ప. రూలు అది.”

“మరి టిప్పర్లు?”

“కనపడితే చెప్పండి, చర్య తీసుకుంటాం. సైకిల్ కూడా వాహనమే కద సార్. మేడంగారు పోయేది కూడా, ఒక రకంగా...”

వారం తిరక్కుండా మలుపు దగ్గర కొత్త బోర్డు వెలిసింది. ‘గట్టుపై ప్రజల రాకపోకలు నిషేధం’. పచ్చి పెయింటు మీద టిప్పర్లు లేపిన దుమ్ము అంటుకుని, సాయంత్రానికే అక్షరాలు కనిపించకుండా పోయాయి. నా ఫిర్యాదుకు వచ్చిన ఫలితం మా చెల్లెలు నేరస్తురాలు కావడం. ఆ ఆఫీసు వరండాలో నిలబడి నేను అరిచిన అరుపులు ఇక్కడ రాయను. రాసినా అచ్చు వెయ్యరు.

తర్వాత చెల్లెలే నాకు ఫోన్ చేసింది. “రేపు పొద్దున రా అన్నా. నువ్వేం మాట్లాడొద్దు. పక్కన నిలబడు చాలు” అంది.

తూము దగ్గర గట్టు సన్నబడుతుంది. అక్కడికి పోగానే ఆమె సైకిల్‌ను దారికి అడ్డంగా పడుకోబెట్టింది. పక్కనే కింద కూర్చుని, బడి సంచి ఒళ్లో పెట్టుకుంది. టిప్పర్ వచ్చింది. హారన్ కొట్టింది. ఆమె రెండు చేతులూ సంచి కింద దాచుకుంది. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వెనక ఇంకో టిప్పర్ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. చివరికి మొదటి డ్రైవర్ దిగాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు.

“ఏందమ్మా, లేవమ్మా. లోడు పోవల్ల.”

“నేను బడికి పోవల్ల” అంది చెల్లెలు.

“పో. ఎవరొద్దన్నిరి?”

“నువ్వు. దినామూ.”

డ్రైవర్ నా వైపు చూశాడు. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అతను ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి మోటారుసైకిల్ మీద దిగింది ఎవరనుకున్నారు? అన్న. డ్రైవర్ల దగ్గర అతని నంబరే ఉంది.

“ఏంది పాపా ఇది, నడిదారిలో! లెయ్. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?”

“చూడనీ. నువ్వు పిల్సినోళ్లు వీళ్లు. నువ్వే పంపించు.”

“నేను పిల్సింది రెండు దినాలకు. వాండ్లు పోకుంటే నేనేం చెయ్యాల?”

డ్రైవర్‌కు రోషం వచ్చింది. “ఏమన్నా అట్లంటావ్! మాది ప్యాపిలి. మాకీ దారి యాడ తెల్సు? రా రా అని చెయ్యెత్తి పిలుస్తివి. గట్టు మా ఊరోళ్లదే, అడిగేటోడు ల్యాడంటివి. ఇప్పుడు అడిగేటామె వచ్చె, నాకేం తెల్సు అంటాండావ్.”

వెనక డ్రైవర్లు నవ్వారు. పొలాల్లో ఉన్నవాళ్లు నలుగురు గట్టెక్కి వచ్చారు. ఒక ముసలాయన, “పంతులమ్మ కూసుండేది అడగొద్దు గానీ, నువ్వు మల్లా కొర్రేస్తావా ఈ యేడు?” అని అన్నను అడిగాడు. అందరూ నవ్వారు. అన్న మొహం కందగడ్డయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాళ్లలో ముగ్గురు ఆ తారు మీద గింజ ఆరబోసినవాళ్లే.

అక్కడే రాజీ కుదిర్చారు. బడి గంటకు ముందు ఒక్క టిప్పర్ కూడా మలుపు దాటి లోపలికి రాదు. సాయంత్రం బడి విడిచాక చెల్లెలు మలుపు దాటేదాకా రాదు. మధ్యలో పగలంతా వాళ్లిష్టం. ఇదంతా అన్నే చెప్పాడు, గొప్ప తీర్పు చెప్పినట్టు. డ్రైవర్లు తలూపారు. నేను అడ్డం పడ్డాను. “ఇది రాజీనా? దారి మొత్తం ఆమెది, అందరిదీ. దాంట్లో రెండు ముక్కలు ఇచ్చి, ఇచ్చినామంటారా?” అన్నాను. ఎవరూ నా మాట వినలేదు. అందరూ చెల్లెలి వైపు చూస్తున్నారు.

ఆమె బడి సంచి భుజానికి తగిలించుకుంది. “సరే” అంది.

లేచి, సైకిల్ ఎత్తుకుని, చీర దులుపుకుంది. నేను పక్కన నడుస్తూ ఊరుకోలేకపోయాను. ఎందుకు ఒప్పుకున్నావు, ఇంకొక గంట కూర్చుంటే వాళ్లే వెనక్కి పోయేవాళ్లు, ఇంకా రెండురోజులు కూర్చుంటే అసలు రావడమే మానేసేవాళ్లు అన్నాను. ఆమె ఆగింది.

“రెండు దినాలు ఈడ కూసుంటే నా పిల్లోళ్లకు పాఠం నువ్వు చెప్తావా? నువ్వు కోప్పడుకుంటా ఉండన్నా. నేను బడికి పోవల్ల.”

సైకిలెక్కి పోయింది. గుంతలు తప్పించుకుంటూ, కంకర తేలినచోట దిగి నడిపించుకుంటూ పోయింది.

మాట మాత్రం నిలబెట్టుకున్నారు. అది ఒప్పుకోవాలి. తర్వాతి వారం నేను మళ్లీ పోయి ఆమె వెంట తొక్కాను. మలుపు దగ్గర టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఇంజన్లు ఆపేసి, డ్రైవర్లు టీ తాగుతున్నారు. చెల్లెలు వాళ్ల వైపు చూడకుండా ముందుకు పోయింది. హ్యాండిల్ మీద ఆమె చేతులు కదలకుండా ఉన్నాయి. కాలువ నిండుగా పారుతోంది. కొంగలు రెండు తూము మీద ఉన్నాయి. బడి గేటులోకి ఆమె వెళ్లాక, పిల్లలు ఆమె సైకిల్ లాక్కుని గోడకు ఆనించడం చూసి, నేను వెనక్కి తిరిగాను.

సగం దూరం వచ్చేసరికి ఎదురుగా టిప్పర్. ప్యాపిలి డ్రైవరే. నన్ను గుర్తుపట్టి బ్రేకు వేశాడు. కిటికీలో నుంచి తల బయటపెట్టి, మర్యాదగానే అడిగాడు.

“సార్, మేడం లోపలికి పోయిందా?”

“పోయింది.”

“ఐతే మీరు కొంచెం ఓరకు జరగండి సార్. మాకు టైమాయ.”

ఒక కాలు వాలు మీద పెట్టి, సైకిల్‌ను నా వైపు వంచి పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాను. మొదటిది పోయింది. దాని వెనకది పోయింది. ఆ వెనక ఇంకా ఉన్నాయి.